ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా

మా నాన్న నన్ను డాక్టర్ని చేసింది ఒక శుక్రవారం మధ్యాహ్నం, సత్యనారాయణమూర్తి గారింట్లో, ముద్దపప్పులో నెయ్యి వేసుకుంటూ.

ఆ నిమిషం దాకా నేను నర్సుని. హైదరాబాదులో పెద్దమ్మ ఇంట్లో ఉండి నాలుగేళ్ళు బి.ఎస్సీ నర్సింగ్ చదివి, ఫస్ట్ క్లాసులో పాసై, అమ్మానాన్నల దగ్గరికి దోహా వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. మిలిటరీ నర్సింగ్ సర్వీసుకి అప్లై చేసి, ఢిల్లీలో ఇంటర్వ్యూకి ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తున్నాను. ఇదంతా నాన్నకి తెలుసు. నేను హాస్టల్లో కాకుండా పెద్దమ్మ ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టింది ఆయనే, యూనిఫారం కుట్టించుకోవడానికి ఒప్పుకున్నదీ ఆయనే.

"ఏవండీ కృష్ణప్రసాద్ గారూ, అమ్మాయి చదువైపోయిందన్నారు. ఏం చదివిందన్నారూ?" అని మూర్తి గారు అడిగారు.

"మెడిసినండీ" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. "మిలిటరీలోకి వెళ్తానంటోంది."

నేను నోరు తెరిచాను. పక్కన కూర్చున్న అమ్మ తొడ మీద గట్టిగా గిచ్చింది. మా అమ్మ అరుంధతి కూరలవాడి దగ్గర కూడా అబద్ధం ఆడదు. ఆవిడ గిచ్చిందంటే, ఈ మాట ఇవాళ పుట్టింది కాదనీ, నేను హైదరాబాదులో ఉన్న నాలుగేళ్ళూ దోహాలో అందరి లెక్కలో నేను మెడిసిన్ చదువుతూనే ఉన్నాననీ నాకప్పుడు అర్థమైంది. తెల్లబోయి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నా కొంప ముంచింది.

"నాలుగేళ్ళకే అయిపోయిందా మెడిసిన్?" అన్నాడు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేసే జియావుద్దీన్ గారు.

"ఇప్పుడు కోర్సులన్నీ మార్చేశారండీ" అన్నాడు నాన్న.

ఇరవై మంది చదువుకున్నవాళ్ళున్న ఆ హాల్లో ఆ మాటని ఇంకొకరు అడగలేదు. పప్పు బాగుందని మాత్రం అందరూ అన్నారు.

ఆ శుక్రవారాల గురించి చెప్పాలి. దోహాలోని అల్ ముంతజాలో మూర్తి గారి ఫ్లాటు పెద్దది. వారానికోసారి ఆంధ్రా నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబాలు తలో గిన్నె వండుకుని అక్కడ చేరేవాళ్ళు. భోజనాలయ్యాక మగవాళ్ళు సోఫాల్లోకి మారేవాళ్ళు, ఆడవాళ్ళు వంటింటి గుమ్మం దగ్గర కార్పెట్ మీద కూర్చునేవాళ్ళు. అప్పుడు ఎవరి పిల్లలు ఏం చదవాలో తేలేది. ఎవరూ ఎన్నుకోని పంచాయితీ అది. జియావుద్దీన్ గారి పక్కింటివాళ్ళ మనీషాకి బొమ్మలు గీయడం ఇష్టమంటే, ఆర్కిటెక్చర్ మాన్పించి కంప్యూటర్లలో వేసింది ఆ సోఫాలే. ఆ పిల్ల అదే హాల్లో తలవంచుకుని టీ కప్పులు తీసింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆ పంచాయితీకి పెద్ద మూర్తి గారు. ఆయనది విశాఖపట్నం. నేవీలో ఆఫీసరుగా పనిచేసి రిటైరై, ఇక్కడ ఒక కంపెనీ మెరైన్ డిపార్ట్‌మెంట్లో చేరారని చెప్పుకునేవాళ్ళు. ఆయనా అలాగే చెప్పుకునేవారు. సోఫా వెనకాల గోడ మీద ఓడ ఫొటో ఉండేది. "నేను నేవీలో ఉండగా" అని ఆయన మొదలుపెడితే పిల్లలు కూడా గోల ఆపాలి.

ఆ రోజు కాఫీలు రాగానే ఆయన గొంతు సవరించుకున్నారు.

"మిలిటరీ అంటే ఒకటి కాదు కృష్ణప్రసాద్ గారూ. డాక్టర్లని మూడింటికీ తీసుకుంటారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్. ఏది కావాలో మనం చెప్పుకోవచ్చు. తొందరపడి ఏదో ఒకటి చెప్పేస్తే జీవితాంతం అనుభవించాలి. కాబట్టి ఆలోచించాలి."

ఇక ఆలోచన మొదలైంది. మూర్తి గారు నేవీ అన్నారు. విశాఖలో వేస్తే సొంత ఊళ్ళో ఉన్నట్టేనన్నారు. జియావుద్దీన్ గారు ఎయిర్‌ఫోర్స్ అన్నారు, అక్కడి మనుషులు నీటుగా ఉంటారట. నాన్న కంపెనీ వెస్ట్ బేలో కడుతున్న ఆఫీసు బిల్డింగు దగ్గర స్టోరు చూసే గజేందర్ కూడా ఆ రోజు వచ్చాడు. అతనిది నిజామాబాద్ జిల్లా. "ఆర్మీల ఏస్తె అయిపాయె కద సార్. మా ఊరి పోరగాండ్లందరు ఆర్మీలనే ఉన్నరు. అక్కకు దేనికి తక్కువ గాకుండ సూస్కుంటరు" అన్నాడు. కార్పెట్ మీద ఆడవాళ్ళు ఏ దళానికి ఏ రంగు చీరో, ఏ దళంలో సంబంధాలు బాగా వస్తాయో మాట్లాడుకున్నారు.

నా గురించి అంతమంది అంతసేపు మాట్లాడారు. ఒక్కరు కూడా నా వైపు తిరిగి "నీకేం కావాలమ్మా" అనలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డాక్టర్ల విషయంలో మూర్తి గారు చెప్పింది నిజమే. నర్సులకి ఆ ఎంపిక లేదు. మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఒకటే, మూడు దళాల హాస్పిటళ్ళలోనూ పనిచేసేది వాళ్ళే. ఎక్కడ వేస్తే అక్కడికి పెట్టె సర్దుకుని వెళ్ళడమే. అంటే ఆ హాల్లో జరిగిన చర్చ మొత్తం, ఆ నేవీ, ఆ ఎయిర్‌ఫోర్స్, ఆ చీరల రంగులు, అన్నీ మా నాన్న ఆడిన ఒక్క అబద్ధం మీద నిలబడ్డాయి. అబద్ధం తీసేస్తే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

తిరిగి వస్తుంటే కారులో అడిగాను.

"నర్సింగ్ అని చెప్పడానికి ఏమైంది నాన్నా?"

"ఏమనుకుంటారే?"

"ఏమనుకుంటారు?"

సిగ్నల్ పడింది. అమ్మ అందుకుంది. "మనవాళ్ళలో ఎవరు చేస్తారే ఆ పని? అదంతా మలయాళీ వాళ్ళు చేసుకునేది. నీకేం ఖర్మ అంటారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన ఏడాది నాన్నకి కిడ్నీలో రాయి వచ్చి ఇక్కడే హాస్పిటల్లో పడుకున్నాడు. నొప్పికి ఏడ్చాడని అమ్మే ఫోన్లో చెప్పింది. ఆ రోజుల్లో ఆయన పక్క మార్చింది, వాంతి పట్టింది, తడిసిన బట్ట విప్పి పొడిది కట్టింది ఆ మలయాళీ అమ్మాయిలే. డాక్టరు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వచ్చి చార్టు చూసి వెళ్ళాడు. ఇంటికొచ్చాక నాన్న మిఠాయి డబ్బా పట్టుకెళ్ళింది ఆ డాక్టరుకి.

"మరి అప్పుడు ఆ అమ్మాయిల చేత ఎలా చేయించుకున్నారు?" అన్నాను.

"నేను వాళ్ళకి థాంక్స్ చెప్పానే! 'థాంక్యూ సిస్టర్' అన్నాను."

"అన్నారు లెండి. వాళ్ళు మీకు సిస్టర్ కావచ్చు. కూతురు మాత్రం కాకూడదు."

నాన్న రేడియో పెట్టాడు. అరబిక్ వార్తలు. పద, లేదు, డబ్బులు అనడానికి యల్లా, మాఫీ, ఫులూస్ తప్ప ఆయనకి అరబిక్‌లో ఇంకో ముక్క రాదు. అయినా ఇల్లు చేరేదాకా శ్రద్ధగా విన్నాడు.

ఎంసెట్‌లో నాకు మెడిసిన్ సీటు రాలేదన్నది నిజం. ఇంకోసారి రాయమని నాన్న, రాయనని నేను. కానీ సీటు రాక నర్సునయ్యానని ఎవరైనా అంటే ఒప్పుకోను. మొదటి ఏడాది వార్డుకి పంపినప్పుడు, ఆపరేషనైన ఒక ముసలావిడ నా భుజం పట్టుకుని మంచం దిగి, కిటికీ దాకా నడిచి, బయట ఎండని చూసి "అమ్మయ్య" అంది. ఆవిడని అక్కడిదాకా నడిపించింది నేను. నాకింకే పనీ అక్కర్లేదని ఆ రోజే అనిపించింది. ఇది కూడా నాన్నకి రాశాను. చదివి, జాగ్రత్తగా మడతపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడన్నమాట.

తర్వాతి శుక్రవారం నేను మాట్లాడాలనే వెళ్ళాను. సోఫాల చర్చ మళ్ళీ మొదలవగానే లేచి నిలబడి, "అంకుల్, నాకు బ్రాంచ్ ఎంచుకునే వీలు లేదండీ" అన్నాను.

"ఎందుకు లేదమ్మా? డాక్టర్లకి ఉంటుంది, నాకు తెలుసుగా" అన్నారు మూర్తి గారు.

"నేను..."

"దానికేం తెలుసండీ, చిన్నపిల్ల" అని నాన్న అడ్డొచ్చాడు. "మీరు చెప్పండి. నేవీ అంటే సముద్రం మీద తిప్పుతారా, ఒడ్డునే ఉంచుతారా?"

ఇరవై రెండేళ్ళు నాకు. చచ్చిపోయినవాళ్ళ కళ్ళు మూశాను, పుట్టినవాళ్ళని మొదట ఎత్తుకున్నాను. నా ఉద్యోగం పేరు చెప్పబోతే మాత్రం చిన్నపిల్లనైపోయాను. అమ్మ వెనకనించి నా చున్నీ లాగింది. కూర్చున్నాను. కూర్చున్నందుకు ఇంటికెళ్ళాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పై నెల మొదట్లో ఢిల్లీలో. సంతోషం పట్టలేక గంతులేశాను. నాన్న కూడా సంతోషించాడు. సంతోషంలో ఆఫీసు నుంచే మూర్తి గారికి ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రం వచ్చి, ఎండకి ఎర్రబడిన ముఖంతో, తాపీగా అన్నాడు:

"మూర్తి గారికి ఢిల్లీలో తెలిసినాయన ఉన్నాడట. సర్జన్ కమాండర్ రహమతుల్లా అని, నేవీ డాక్టరు. శుక్రవారం అందరి ముందే ఫోన్ చేసి నీ గురించి చెప్తానన్నారు. డాక్టర్ భరణి, మా అమ్మాయి, నేవీలో వేయించండి అని."



"నాన్నా, మీకు అర్థమవుతోందా? అక్కడ ఆయన నిజంగా ఎవరికైనా చెప్తే? డాక్టర్ భరణి అని ఒక పేరు వెళ్తుంది, నర్సింగ్ బోర్డు ముందు నేను వెళ్ళి నిలబడతాను. నేను డాక్టర్నని చెప్పుకుని తిరుగుతున్నానని అనుకోరూ? అబద్ధాలకోరుని ఎవరు చేర్చుకుంటారు?"

"అంతదాకా రాదులే. శుక్రవారం లైన్లు కలవవు" అన్నాడు నాన్న.

నా నాలుగేళ్ళ చదువుని, నా ఉద్యోగాన్ని ఆయన టెలిఫోన్ లైన్ల మీద వదిలేశాడు. నర్సు అనే రెండక్షరాల మాట నోట్లోంచి రాకుండా ఉండటానికి నా బతుకునైనా పణంగా పెట్టడానికి సిద్ధపడ్డాడు. అరిచాను. ఆయనా అరిచాడు. నీ మంచికేనన్నాడు. పై అంతస్తువాళ్ళు కిందకి వంగి చూశారు.

అమ్మ మాత్రం నా పెట్టె దగ్గర కూర్చుని, ఇంటర్వ్యూకి కట్టుకోవాల్సిన చీర మడతపెడుతూ, "నిజంగా తీసేస్తారా నిన్ను?" అని అడిగింది.

"తీసెయ్యరా మరి?"

ఆవిడ మడతపెట్టిన చీర విప్పి మళ్ళీ మడతపెట్టింది.

శుక్రవారం లైను కలిసింది. మొదటిసారికే కలిసింది.

మూర్తి గారు ఫోనుని హాలు మధ్యలోకి తెప్పించి పెట్టారు. అందరూ చుట్టూ చేరారు. ఆయన రిసీవరు పట్టుకుని నిలబడే మాట్లాడారు. మామూలుగా సోఫాలోంచి కదలని మనిషి ఎందుకు నిలబడ్డారో అప్పుడు నాకు తట్టలేదు. "సర్, నమస్తే సర్, మూర్తిని సర్, దోహా నుంచి" అంటూ హిందీలో కుశలాలు అడిగి, "మా అమ్మాయిలాంటిది సర్, డాక్టర్ భరణి, నేవీ కావాలనుకుంటోంది, ఒక్కసారి మాట్లాడండి" అని రిసీవరు నా చేతికిచ్చారు.

అందరూ నన్నే చూస్తున్నారు. నాన్న కళ్ళతో బతిమాలుతున్నాడు. ఆ చూపు నాకిప్పటికీ కనిపిస్తుంది. జాలి వేయాల్సింది. కోపమే వచ్చింది. సొంత కూతురు తను చేసే పని పేరు చెప్పకూడదని బతిమాలే తండ్రిని చూస్తే ఇంకేం వస్తుంది!

"గుడాఫ్టర్నూన్ సర్" అన్నాను. "నా పేరు భరణి. నేను డాక్టర్ని కాదు సర్. నర్సుని. బి.ఎస్సీ నర్సింగ్ చేశాను. మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఇంటర్వ్యూకి వస్తున్నాను."

ఇంగ్లీషులోనే అన్నాను. ఆ హాల్లో అందరికీ అర్థమైంది.

అవతల ఆయన ఒక క్షణం ఆగి నవ్వారు. "మరి మూర్తి బ్రాంచ్ ఏమిటంటాడు? నర్సింగ్ సర్వీసు మూడింటికీ ఒకటే కదమ్మా. ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాలి. వెళ్తావా?"

"వెళ్తాను సర్. రికమండేషన్ ఏమీ వద్దు సర్. మీరు ఎవరికీ నా పేరు చెప్పకండి. అది చెప్పడానికే ఫోన్ తీసుకున్నాను."

"చెప్పను. నీ అంతట నువ్వే వచ్చి చేరు" అన్నారాయన. ఫోన్ పెట్టేశాను.

అందరికంటే ముందు మూర్తి గారు తేరుకున్నారు. ముఖం కందగడ్డయింది.

"నర్సా! కృష్ణప్రసాద్ గారూ, మీ అమ్మాయి నర్సా? నన్ను ఇంతమందిలో, అంత పెద్దాయన ముందు వెధవని చేశారే! నర్సమ్మకోసమా నేను ఢిల్లీ ఫోన్ చేసిందీ?"

"నర్సయితే ఏంటండీ?" అన్నాను.

"ఏంటా? నాకు చెప్తున్నావా నర్సుల గురించి? ఈ నర్సమ్మలకి పదిహేనేళ్ళు సెల్యూట్ కొట్టి వచ్చాను నేను! వాళ్ళ టెక్కు నాకు తెలియదూ!"

అనేశాక ఆయనే ఆగిపోయారు.

గజేందర్ గ్లాసు కింద పెట్టి, అమాయకంగా, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "గదేంది సార్. మీరు నేవీల ఆఫీసరు గద. మరి సలాం కొట్టేటోళ్ళా, కొట్టిచ్చుకునేటోళ్ళా?"

జియావుద్దీన్ గారు దగ్గు వచ్చినట్టు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మూర్తి గారు నేవీలో మామూలు నావికుడిగా చేరి, పదిహేనేళ్ళు కష్టపడి పనిచేసి వచ్చారు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ దోహా ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడే ఆయన ఆఫీసరైపోయారు, నేను డాక్టర్నయినట్టే. ఇన్నేళ్ళూ పిల్లల జీవితాలు తేల్చింది ఆ గొంతే. ఆయన్ని చూసి నాకు నవ్వు రాలేదు. మనీషా గుర్తొచ్చి ఇంకా మండింది.

అప్పుడు మా నాన్న ఏం చేశాడో చెప్తే నమ్మరు. ముఖం వెలిగిపోయింది ఆయనకి. సోఫాలోంచి లేచాడు.

"అంటే మూర్తి గారూ, మా అమ్మాయి చేరగానే ఆఫీసరన్నమాటేగా? లెఫ్టినెంటు కదూ? మీలాంటివాళ్ళు కూడా సెల్యూట్ కొట్టాలి!" అని అందరి వైపూ తిరిగాడు. "లెఫ్టినెంట్ భరణి! మా అమ్మాయి లెఫ్టినెంటండీ!"

నా కోపం అంతకుముందు సగమే అని అప్పుడు తెలిసింది. డాక్టరు పోయింది, దాని చోట్లో లెఫ్టినెంటు వచ్చి కూర్చుంది. మళ్ళీ ఒక దుప్పటి. దాని కింద నన్ను దాచేసి, పైన చెయ్యి వేసి మురిసిపోతున్నాడు.

"ఆ లెఫ్టినెంటు ఏం పని చేస్తుంది నాన్నా?" అన్నాను.

"ఏం పనంటే... సేవమ్మా. దేశసేవ. సైనికులకి..."

"ఏం పని?"

"వైద్య విభాగంలో..."

"నర్సు పని" అంది అమ్మ.

వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు. నన్ను గిచ్చిన చేత్తోనే చీర చెంగు నడుముకి దోపుకుంది. "అది నర్సండీ. అనండి. రెండక్షరాలు. మీ మూలంగా దాని ఉద్యోగం పోబోయింది ఇప్పుడు. నా మూలంగా కూడా. అనండి."

నాన్న అందరినీ చూశాడు. అందరూ ఆయన్ని చూశారు. ఆయన పెదాలు కదిలాయి కూడా. అంతలో చెప్పులేసుకుని, "కారు ఎండలో ఉంది" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నన్ను ఎయిర్‌పోర్టులో దింపేదాకా ఆయన నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. పెట్టె బరువెంత, పాస్‌పోర్టు ఉందా, చలికి స్వెట్టరు పెట్టుకున్నావా. లోపలికి వెళ్తూ కాళ్ళకి దణ్ణం పెట్టాను. "బాగా చెయ్యమ్మా" అన్నాడు. ఏం బాగా చెయ్యాలో అనలేదు. నేనూ అడగలేదు, అడిగితే విమానం ఎక్కకుండా అక్కడే పోట్లాడేదాన్ని.

ఢిల్లీలో బోర్డువాళ్ళు మొదటి ప్రశ్నే, "మీ నాన్నగారికి ఈ వృత్తి ఇష్టమేనా?" అని అడిగారు. "లేదు సర్" అన్నాను. వాళ్ళు నవ్వారు. మిగతావి నా పని గురించి అడిగారు, చెప్పాను. తీసుకున్నారు. పంజాబులో ఒక ఆర్మీ హాస్పిటల్లో వేశారు. మూర్తి గారి నేవీ, జియావుద్దీన్ గారి ఎయిర్‌ఫోర్స్ ఓడిపోయాయి, గజేందర్ గెలిచాడు.

చేరాక అమ్మ ఉత్తరాలు రాసేది. కింద నాన్న ఒక వాక్యం రాసేవాడు, ఆరోగ్యం జాగ్రత్త అని. కవరు మీద మాత్రం పెద్దక్షరాలతో "లెఫ్టినెంట్ భరణి" అని రాసి, కింద గీత కూడా గీసేవాడు. నర్సింగ్ ఆఫీసర్స్ మెస్ అని అడ్రసులో ఉండాల్సిన ముక్క ఎప్పుడూ ఉండేది కాదు. ఆ ఉత్తరాలు హాస్పిటలంతా తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చేవి. పుణ్యం కట్టుకుని ఆ ముక్క రాయమని నేను జవాబు రాశాను. రాయలేదు.

చలికాలం వచ్చింది. సరిహద్దు నుంచి చలికి వేళ్ళు నల్లబడిన జవాన్లని తెచ్చారు. వార్డు నిండిపోయింది. ఉత్తరాలు చదివే తీరిక కూడా లేదు, రాసే తీరిక ఎక్కడిది? దోహాకి నా కబురు అందక చాలా రోజులైంది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి మెస్సుకి రాగానే ఫోన్ మోగింది. హాస్పిటల్ ఎక్స్చేంజిలో కూర్చునే హవల్దారు.

"మేడమ్, మీకు విదేశం నుంచి కాల్. క్షమించండి, కలపడం ఆలస్యమైంది. ఆయన లెఫ్టినెంట్ భరణి కావాలంటారు. డాక్టర్ల మెస్సుకి కలపాలా, నర్సుల మెస్సుకా అని అడిగితే చెప్పరు. లెఫ్టినెంటే లెఫ్టినెంటే అంటారు. అలాంటి పేరుతో డాక్టర్ల మెస్సులో ఎవరూ లేరు సాబ్, పెట్టేస్తున్నానని అన్నాను. అప్పుడు అరిచారు మేడమ్. చెవి చిల్లు పడింది."

"ఏమని?"

"'నర్స్! నర్స్! మేరీ బేటీ నర్స్ హై!' అని. కలుపుతున్నాను."

గరగరమని శబ్దం వచ్చింది. తర్వాత నాన్న గొంతు, ఎగశ్వాసతో.

"భరణీ? ఏమైపోయావే? బతికే ఉన్నావా? వాడెవడో గాడిద, పెట్టేస్తానన్నాడు!"

"బాగానే ఉన్నాను నాన్నా. వార్డు నిండా పేషెంట్లున్నారు. రాయలేకపోయాను."

"సరే, సరే. గొంతు విన్నాను, చాలు."

కళ్ళు తుడుచుకున్నాను. కానీ కోపం అంత తేలిగ్గా పోయే రకం కాదు నేను. పరాయి దేశంలో కూర్చుని, ఎవరో తెలియని హవల్దారు ముందు అన్నాడు. అక్కడ ఎవరు విన్నారని? ఆ మాటే అనబోయాను. ఇంతలో ఫోన్లో వెనకనించి చప్పుళ్ళు వినిపించాయి. గిన్నెలు, పిల్లల గోల, మధ్యలో ఎవరో ముసలి గొంతు దగ్గడం.

"నాన్నా, మీరెక్కడి నుంచి చేస్తున్నారు?"

"మన ఇంటి ఫోన్ పాడైంది. మూర్తి గారింటి నుంచే" అన్నాడు నాన్న. "ఇవాళ శుక్రవారం కదమ్మా. అందరూ ఇక్కడే ఉన్నారు."